పందిని నంది చెయ్యమని అడగడం లేదు

పందుల షెడ్లకు అప్పులిచ్చే బ్యాంకు అధికారులకు, ఆ షెడ్ల నమూనాలు గీసే ఇంజనీర్లకు, మా డెల్టా పశువైద్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

గోదావరి పాయ వశిష్ఠ గట్టు పక్కన ఒక లంక ఊళ్ళో ఆరు ఆడపందులు, ఒక మగపంది పెట్టుకుని బతుకుతున్న ఎరుకల ఆడమనిషిని నేను. చదువు ఏడో తరగతితో ఆగింది. నేను చెబుతుంటే డిగ్రీ చదివే మా అబ్బాయి రాస్తున్నాడు. పుస్తకాల్లోంచీ ఫోనులోంచీ తను చదివి వినిపించిన సంగతులు కూడా ఇందులో ఉన్నాయి. వాటిలో చాలా భాగం మా అత్తగారికి ముందే తెలుసు. లెక్కలు మాత్రం ఆవిడకు తెలియవు.

షెడ్డు నమూనాలో ఉన్న పైపుల గూడు కోయించానని నా అప్పు రెండో విడత ఆపేశారు. ఈ విషయం మీద మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి "పరిశీలనలో ఉంది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. మూడోది పట్టుకుని వెళ్తే, కుర్చీలో ఉన్నాయన కాగితం తిరగేసి "పందుల గురించా అమ్మా!" అని నవ్వాడు. నవ్వినందుకు నాకు కోపం లేదు. మా పని చూసి నవ్వేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కాగితం చదవకుండా నవ్వాడే, అదీ బాధ. అందుకే ఈసారి నలుగురికీ వినపడేలా రాయిస్తున్నాను.

జరిగింది ఇది. షెడ్డు కోసం రెండు విడతల అప్పు మంజూరైంది. ఇచ్చిన నమూనాలో ఈనే పందికి ఇనప పైపుల గూడు తప్పనిసరి. అడ్డం రెండడుగులు, పొడవు ఏడడుగులు. అందులో పంది లేవచ్చు, పడుకోవచ్చు. వెనక్కి తిరగలేదు. పిల్లలు తల్లి కింద పడి నలగకుండా ఈ ఏర్పాటన్నారు. సరే అనుకున్నాం. మొదటి విడత డబ్బుతో మూడు గూళ్ళు వెల్డింగు చేయించాం.

అందులో మొదట ఈనింది మా నల్లది. దానికి తొలిచూలు. రోహిణీ కార్తె ఎండల్లో ఒక రోజు పొద్దుటి నుంచి తిండి మానేసింది. ముందు కాలితో సిమెంటు గచ్చును గీకడం మొదలుపెట్టింది. పైపుల్ని కొరికింది. సాయంత్రానికి ముట్టె చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. రోగమేమో అని నేను కంగారు పడుతుంటే మా అత్తగారు వచ్చి చూసి, "రోగం కాదే, గడ్డి అడుగుతోంది" అంది. వామిలోంచి చేతులకు పట్టినంత వరిగడ్డి లాక్కొచ్చి పైపుల సందులోంచి తోశాం. నల్లది దాన్ని నోట కరుచుకుంది. అటూ ఇటూ తిరగబోయింది. తిరగలేక ముందే పెట్టుకుంది. మళ్ళీ తీసింది, మళ్ళీ ముందే పెట్టుకుంది. గడ్డి మూతి దగ్గర, పిల్లలు పడేది వెనకాల గచ్చు మీద. రాత్రంతా అదే వరస.

తెల్లారేదాకా ఈనుతూనే ఉంది. పదకొండు పిల్లలు. రెండు చచ్చే పుట్టాయి. కింది పైపు అడ్డం పడి రెండు చన్నులు అందలేదు. రెండు బక్క పిల్లలు మర్నాటికి పోయాయి. పదకొండులో నాలుగు పోయాయి. ఒక్కటి కూడా నలిగి పోలేదు, నిజమే! నమూనా తన పని తాను చేసింది.

తర్వాత గ్యాసు కట్టరు తెప్పించి పైపులు కోయించాను. ఆ ఇనుముతోనే గోడ చుట్టూ, నేలకు జానెడు ఎత్తున, గోడకు జానెడు ఎడంగా కమ్మీ వేయించాను. ఒక మూల పిల్లలకు మాత్రమే దూరే అర కట్టించాను. తర్వాత ఈతకు నల్లది పది పెట్టింది. ఒకటి నలిగిపోయింది. తొమ్మిది పాలు మాన్పేదాకా బతికాయి. తనిఖీకి వచ్చినాయన పిల్లల్ని లెక్కపెట్టలేదు. పైపులు లెక్కపెట్టి "నమూనా ప్రకారం లేదు" అని రాసుకుపోయాడు. రెండో విడత ఆగిపోయింది. మొదటి విడతకు వడ్డీ మాత్రం ఆగలేదండి.

ఒక పంది రెండు ఈతల లెక్కతో ఏదీ రుజువు కాదని డాక్టర్లు అంటారు. ఒప్పుకుంటాను. తొలిచూలు వేరు, రెండోది వేరు. మే నెల వేరు, నవంబరు వేరు. అందుకే నా ఒక్కదాని అనుభవం మీద వదిలేయకుండా, పాలిచ్చే పంది సంగతేమిటో, దానివల్ల మా ఇళ్ళలో ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. గూడు దాని పిచ్చి కాదు, పని. పంది చూలు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని మాలో గుర్తు. ఈనడానికి దాదాపు ఒక రోజు ముందు నుంచి అది చోటు వెతుక్కుంటుంది, గీకుతుంది, గడ్డీ పుల్లా నోటితో తెచ్చి పేర్చుకుంటుంది. అడవి పందీ అంతే, ఎన్నో తరాలుగా కొట్టంలో పుట్టిన సీమ జాతి యార్క్‌షైర్ పందీ అంతే. మా మామగారి కాలంలో పందులు లంకలో తిరిగేవి. ఈనే రోజు దగ్గర పడితే మంద వదిలేసి రెల్లు దుబ్బుల్లోకి వెళ్ళిపోయేవి. తిండికి మాత్రం వచ్చి పోయేవి. వారం దాటాక పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవి. అప్పుడు ఎవరూ వాటికి నేర్పలేదు, ఇప్పుడు సిమెంటు మీద ఎవరూ మాన్పించలేకపోతున్నారు. ఆ పని చేయనివ్వకపోతే పందికి దిగులు, బెదురు పెరిగి ఈత సాగదీస్తుంది. ఈత సాగినకొద్దీ చివర పుట్టే పిల్లలకు ఊపిరాడదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం. రాత్రి పూట డాక్టరు దొరకడు. ఈత ఆగిందని కంగారు పడి మందుల కొట్టుకు పరుగెత్తుతాం. అక్కడ "నొప్పుల ఇంజెక్షను" అని ఆక్సిటోసిన్ చేతిలో పెడతారు. లోపల పిల్ల అడ్డం తిరిగి ఉందో లేదో చూడకుండా అది పొడిస్తే ఉన్న పిల్లలు కూడా చచ్చి పుడతాయి. గడ్డి మోపుతో పోయే పనికి సూది దాకా వెళ్తున్నామంటే తప్పు మా ఒక్కరిదేనా?

చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని, వరి పండే ఈ డెల్టాలో పందికి గడ్డి లేదు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మిషను చేలో వదిలేసిన గడ్డి అక్కడే తగలబడుతోంది. ఆ పొగ పీలుస్తూ, గడ్డి కోసం గచ్చు గీకే పందిని చూస్తూ నిలబడ్డాను నేను.

2. పాలు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షెడ్డు నమూనా గీసినవాళ్ళు పంది పాలిస్తుండగా పక్కన కూర్చుని ఒక్కసారైనా చూసి ఉండరని నా నమ్మకం.

ఆవు పొదుగులో పాలు నిలవ ఉంటాయి, ఎప్పుడు పిండినా ఎంతో కొంత వస్తాయి. పందికి అలా నిలవ ఉండదు. ఈనిన మొదటి రోజు ముర్రుపాలు ధారగా దొరుకుతాయి. ఆ తర్వాత నుంచి పాలకు వేళలుంటాయి. సుమారు గంటకోసారి, ఒక్కోసారి అంతకన్నా ముందే, రాత్రీ పగలూ కలిపి రోజుకు ఇరవై సార్లకు పైగా ఇస్తుంది. తల్లి పక్కకు ఒరిగి పొదుగు బయటపెట్టి గుర్రు గుర్రుమని నెమ్మదిగా పిలుస్తుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఎవరి చన్ను దగ్గర వాళ్ళు చేరి ముట్టెలతో పొదుగు కుమ్ముతాయి. అప్పటికి పాలు రావు. ఒకటి రెండు నిమిషాలు కుమ్మాక తల్లి గుర్రు జోరందుకుంటుంది. అదే కబురు. పిల్లలన్నీ ఒక్కసారి చప్పుడు మానేసి, చెవులు వెనక్కి వాల్చి గబగబా లాగుతాయి. పాలు దిగేది పది నుంచి ఇరవై సెకన్లు, అంతే. ఆ తర్వాత ఎంత కుమ్మినా మళ్ళీ వేళ దాకా చుక్క రాదు.

ఆ ఇరవై సెకన్లు తప్పిన పిల్లకు గంట పస్తు. రెండుసార్లు తప్పితే లేచే శక్తి ఉండదు, మూడోసారికి తల్లి కిందకు చేరుతుంది. నలిగి చచ్చిన పిల్ల కడుపు కోసి చూస్తే చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. అంటే అది ముందు ఆకలితో పోయింది, తర్వాత నలిగింది. లెక్కలో మాత్రం "నలిగింది" అని రాస్తాం.

మరి ఆ పిలుపు వినపడాలి కదా! నమూనాలో ఈనే గది గోడకే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. అది తిరిగితే పక్కనున్న మనిషి మాట వినపడదు. పెద్ద ఫ్యాను చప్పుడులో పిల్లలకు తల్లి గుర్రు అందదని, పాలు తాగడం చెడుతుందని పరిశోధనల్లో తేలిందని మా అబ్బాయి చదివాడు. ఫ్యాను కట్టేసిన రోజు మా కళ్ళముందే తేడా కనిపించింది. జాతర్ల రోజుల్లో డీజే పెట్టెల సంగతి ఇక నేనేం చెప్పను! నమూనాలో గాలి గురించి ఆలోచించారు, చెవి గురించి ఆలోచించలేదు.

3. ఏ చన్ను ఎవరిది. "పందికేం తెలుసు పన్నీరు వాసన" అంటారు. కళ్ళు విప్పిన కాసేపటికే, తడి ఆరకముందే, పంది పిల్ల వాసనతోనూ వెచ్చదనంతోనూ తల్లి చన్ను వెతుక్కుంటుంది. రెండు మూడు రోజులు కొట్లాడుకుని ఏ చన్ను ఎవరిదో తేల్చుకుంటాయి. ఆ తర్వాత పాలు మానేదాకా ఆ వరస దాదాపు మారదు. ముందు చన్నుల్లో పాలు ఎక్కువ, వెనకవాటిలో తక్కువ. ఎవరూ తాగని చన్ను మూడు రోజుల్లో ఎండిపోతుంది, ఆ ఈతకు ఇక రాదు. మా నల్లదానికి పైపు అడ్డం పడ్డ రెండు చన్నులు అలాగే పోయాయి.

ముర్రుపాలు అంతకన్నా ముఖ్యం. ఆవుదూడలాగే పంది పిల్లకు కూడా తల్లి కడుపులో ఉండగా రోగాన్ని తట్టుకునే శక్తి అందదు. అంతా ముర్రుపాలతోనే రావాలి. అదీ మొదటి ఇరవై నాలుగు గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మేలు. ఒక్కో పిల్లకు పావు కేజీ దాకా పడాలంటారు. ఆలస్యమైతే తాగినా ఒంటికి పట్టదు. పిల్లలు చన్నుల కంటే ఎక్కువైతే వేరే తల్లికి సర్దొచ్చు. కానీ సొంత తల్లి ముర్రు తాగాక, చన్నుల వాటాలు తేలకముందు సర్దాలి. ఈ కిటుకు నాకు తెలిసేసరికి నాలుగేళ్ళు పట్టింది. శిక్షణ పేరుతో ఒక రోజంతా కూర్చోబెట్టి, టిఫిను పెట్టి, సబ్సిడీ శాతాలు చెప్పారు గాని ఈ ముక్క చెప్పలేదు.

ముర్రు తాగని పిల్లకు పారుడు. పారుడుకు యాంటీబయాటిక్. అది కొనడానికి చేతిబదులు. ఆ మందు తిన్న పంది మాంసం చివరికి ఎవరింట్లో ఉడుకుతుందో ఆలోచించండి.

4. తల్లికి చల్లన, పిల్లకు వెచ్చన. ఒకే గదిలో రెండూ కావాలి. పుట్టిన పిల్లకు 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, ఒంటి మీద బొచ్చు లేదు, కొవ్వు లేదు. తల్లికి 20 డిగ్రీల చుట్టుపక్కల హాయి. 25 దాటితే తిండి తగ్గిస్తుంది, తిండి తగ్గితే పాలు తగ్గుతాయి. పందికి చెమట పట్టదు, బురదే దాని చెమట. మే నెలలో మా రేకుల షెడ్డులో తల్లి రొప్పుతుంటుంది, పైపుల మధ్య ఉంటే పక్కకు జరగలేదు. బయట ఉంటే తడి నేల వెతుక్కుంటుంది. మేం కొబ్బరాకులు రేకుల మీద పరిచి, సెలైను గొట్టం లాంటిది కట్టి మెడ మీద బొట్టుబొట్టుగా నీళ్ళు పడేలా చేశాం. నీళ్ళ ఖర్చు కూడా చూడాలి, పాలిచ్చే పంది రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అక్కడివాళ్ళ అవస్థ వాళ్ళకే తెలియాలి.

పిల్లల అరలో ఒకప్పుడు నూరు వాట్ల బల్బు వేలాడదీసేవాళ్ళం. ఇప్పుడు కొట్లో అన్నీ ఎల్ఈడీలే. వెలుగు బాగుంది, వెచ్చదనం లేదు! పాతరకం బల్బుల కోసం రావులపాలెం, రాజోలు తిరిగిన రోజులున్నాయి. ముసురు రాత్రి కరెంటు పోతే ఏ బల్బూ లేదు. అప్పుడు మళ్ళీ గడ్డే దిక్కు. లోతుగా పరిచిన ఎండు గడ్డిలో పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలదొక్కుకుంటాయి. గచ్చు మీద నిలదొక్కుకోలేవు, వెచ్చదనం కోసం తల్లి పొట్టకు అంటుకుంటాయి, అక్కడే నలుగుతాయి.

5. నలగడం. మీ వాదనకు బలం ఇక్కడే ఉంది, దాచను. పైపుల గూడులో నలిగే పిల్లలు తగ్గుతాయి. రెండు వందల కేజీల తల్లి, కేజీన్నర కూడా లేని పిల్ల. మొదటి మూడు రోజులే గండం. మా నల్లది రెండో ఈతలో నలిగిన ఆ ఒక్క పిల్లా ఇలాగే పోయింది. కానీ స్విట్జర్లాండ్‌లో 1997లో నిబంధన పెట్టి, పదేళ్ళు గడువిచ్చి, 2007 నాటికి ఈనే పందుల్ని పైపుల్లో బిగించడం మానేశారు. అక్కడి వందల ఫారాల లెక్క తీస్తే, వదిలిన పందుల దగ్గర నలిగినవి కాస్త ఎక్కువ, వేరే కారణాలతో పోయినవి తక్కువ, మొత్తం మీద పోయిన పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్వీడన్ అంతకుముందే, 1988 చట్టంతో ఆ దారి పట్టింది. వాళ్ళ చలి వేరు, మన ఎండ వేరు, వాళ్ళ డబ్బు వేరు. అయినా పంది పడుకునే తీరు ఎక్కడైనా ఒకటే. పడుకోబోయే ముందు నేల వాసన చూస్తుంది, గురగురమంటూ పిల్లల్ని ఒక పక్కకు తోస్తుంది, ముందు మోకాళ్ళు వంచుతుంది, గోడకు ఆనుకుని మెల్లగా జారుతుంది. జారే గచ్చు మీద మెల్లగా వాలలేదు, ధబీమని పడుతుంది. గోడ, కమ్మీ, కాలికి పట్టు దొరికే నేల ఉంటే చాలావరకు జాగ్రత్త తనే పడుతుంది.

మన దేశం సంగతి. 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను, కదలడానికి చాలినంత చోటు లేని బోనులో జంతువును ఉంచడం నేరమంటుంది. చూడి పందుల్ని ఇరుకు బోనుల్లో బిగించడం ఆ సెక్షనుకు విరుద్ధమని భారత వ్యవసాయ పరిశోధన మండలి 2014లో చెప్పింది. చూలు నెలల్లో తప్పయింది ఈనే వారంలో అప్పు షరతు ఎలా అవుతుందో చట్టం చదివినవాళ్ళు చెప్పాలి.

6. సిమెంటు మీద రక్తం ఉండదు. చిన్న విషయమే. పుట్టినప్పుడు పిల్ల ఒంట్లో ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములు. రోజుకు 7 కావాలి. తల్లి పాలతో వచ్చేది 1. మట్టిలో కుమ్ముకునే పిల్లకు మట్టే మిగతాది ఇస్తుంది. గచ్చు మీద పిల్లకు మూడో రోజున ఇనుము ఇంజెక్షను పడకపోతే పాలిపోయి రొప్పుతూ పోతుంది. ఊళ్ళో మందు ఉన్న రోజు సూది ఉండదు, సూది ఉన్న రోజు మందు ఉండదు.

7. వరద. మా లంకల లెక్క ఏ నమూనాలోనూ లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా మామగారు పందుల్ని వదిలేసి చెట్టెక్కాడు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు మేం గట్టెక్కాం. గేదెల్ని గట్టు మీదకు తోలనిచ్చారు. పందుల్ని తోలుకొస్తే పక్క గుడారాలవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళనూ తప్పుపట్టలేను. ఈని నాలుగు రోజులైన పందిని అసలు తోలనే తోలలేం, పిల్లల్ని వదిలి అడుగు కదలదు. రెండు తల్లులు, పదహారు పిల్లలు. నీళ్ళు తీశాక చూసింది నేను, చెప్పలేను.

ఇందులో మా తప్పు కూడా ఉంది. మార్చి 25న దాటించిన పంది జూలై 17న ఈనుతుంది. ఆ లెక్క ముందే వేసుకుని ఉంటే మార్చి నడిమి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా మగపందిని కట్టేసేవాళ్ళం. వరి నాటుకు కార్తెలు చూసుకునే మనుషులం, పందికి చూసుకోలేదు. ఇప్పుడు గోడ మీద క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకున్నాం.

ఇదంతా పంది మీద జాలితో మాత్రమే చెబుతున్నానని అనుకోకండి. జాలి ఉంది, లేదనను. పందిని నంది చెయ్యమని, దానికి దండ వెయ్యమని అడగడం లేదు. కానీ ఈతకు రెండు పిల్లలు అదనంగా బతికితే మా ఇంట్లో ఒకరి కాలేజీ ఫీజు వస్తుంది. రెండు పోతే తవుడు, నూక, చెక్క అప్పు మీద తెచ్చిన మిల్లు దగ్గరికి వెళ్ళి తలొంచుకోవాలి. రాత్రి ఈతల దగ్గర మేలుకునేది మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. మర్నాడు పొద్దున్నే కూలికి వెళ్ళేదీ వాళ్ళే. జాతీయ పశుధన పథకంలో పందుల యూనిట్‌కు పెట్టుబడిలో సగం సబ్సిడీ ఉంది, 50 ఆడపందులూ 5 మగపందులుంటే 15 లక్షల దాకా, 100 ఆడపందులూ 10 మగపందులుంటే 30 లక్షల దాకా. మంచిదే. 50 పందులంటే మా ఊరి పందులన్నీ కలిపినా రావు. తరతరాలుగా ఈ పని చేసినవాళ్ళం పథకం గడప దగ్గరే ఆగిపోతున్నాం, పందిని ఎన్నడూ ముట్టనివాళ్ళు లోపలికి వెళ్తున్నారు.

మా మామగారు గన్నవరంలో పందుల కేంద్రం, బేకన్ ఫ్యాక్టరీ ఉండేవని చెప్పేవారు. మన లంకల గన్నవరం కాదు, విజయవాడ పక్క గన్నవరం. అక్కడ పశువైద్య కళాశాల ఇప్పటికీ ఉంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం మన నాటు పందినీ యార్క్‌షైర్‌నూ కలిపి కొత్త రకం తయారుచేసింది. చదువు మనకు లేక కాదు. అది మా పాక దాకా రావడం లేదు.

కాబట్టి మేం అడిగేవి ఇవి.

ఒకటి. అప్పు నమూనాలోంచి పైపుల గూడు తప్పనిసరి అన్న షరతు తీసేయండి. దాని బదులు ఏడు నుంచి తొమ్మిది చదరపు మీటర్ల నీడ గది, దాన్ని ఆనుకుని ఆరుబయలు, గోడ కమ్మీ, పిల్లల అర ఉన్న షెడ్డును కూడా ఒప్పుకోండి. మన దేశ ప్రమాణాల్లో ఈనే గదికి ఆ కొలతే ఉంది, కొత్తగా నేను చెప్పేది కాదు. పెద్ద ఫారాలవాళ్ళు పైపులే కావాలంటే, ఈనిన మూడు నాలుగు రోజుల తర్వాత తెరుచుకునే రకం పెట్టించండి.

రెండు. పైపులు కోయించుకున్నామని ఆపేసిన విడతలు విడుదల చేయండి. నాదొక్కదానిదే కాదు, నాకు తెలిసి మా మండలంలోనే ఇంకో ఇద్దరివి ఆగాయి. ఆపిన రోజుల వడ్డీ మా మీద వేయకండి.

మూడు. తనిఖీ ఫారంలో ఒక గడి చేర్చండి: పుట్టిన పిల్లలెన్ని, పాలు మాన్పిన రోజుకు ఉన్నవెన్ని. ఇనుము తూకం తర్వాత చూసుకోవచ్చు.

నాలుగు. పది లోపు ఆడపందులున్న కుటుంబాలకు వేరే పథకం పెట్టండి. అందులో సిమెంటుకు ఇచ్చేదానికన్నా గడ్డికి, నీళ్ళకు, పిల్లల అరకు ఎక్కువ ఇవ్వండి. దాళ్వా గడ్డిని తగలబెట్టకుండా కట్టలు కట్టి నిలవచేస్తే మాకు అమ్మొచ్చు, రైతుకూ నాలుగు రూపాయలు వస్తాయి. కట్టలు కట్టే మిషను ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. గడ్డి తడవకూడదు, బూజు పట్టిన గడ్డి పందికి విషం.

అయిదు. రాత్రి ఈతకు ఫోను ఎత్తే డాక్టరు ఒక్కరైనా కావాలి. వంతులవారీగా అయినా ఫరవాలేదు. రాలేకపోతే ఫోనులో చెప్పండి, చెయ్యి మేం పెడతాం. కానీ చీటీ లేకుండా ఆక్సిటోసిన్ అమ్మే కొట్ల సంగతి మాత్రం మీరే చూడాలి.

ఆరు. ఇనుము ఇంజెక్షను, పందుల జ్వరం టీకా ఊళ్ళోనే, నెలకో తారీఖు పెట్టుకుని ఇవ్వండి. ఆ తారీఖు మాకు ముందే చెబితే మేమే పిల్లల్ని పట్టి ఉంచుతాం. మన దేశంలో టీకా లేని ఆఫ్రికన్ పందుల జ్వరం 2020లో ఈశాన్యంలో అడుగుపెట్టిందని విన్నాం. మనవైపు వస్తే ఎవరి పందిని చంపాలి, ఎవరికెంత ఇవ్వాలి అన్నది రాకముందే రాసి చూపించండి.

ఏడు. లంకల్లో పందులకు వేరే మెరక కావాలి. గట్టు మీద మనుషుల గుడారాలకు దూరంగా, ఈనిన తల్లులు నాలుగైదు పట్టేంత చోటు, పైన ఒక రేకు. ధవళేశ్వరంలో రెండో వరద హెచ్చరిక ఎగరేసేటప్పటికే తల్లుల్ని, పిల్లల్ని బండిలో తెచ్చుకోనివ్వండి. మూడోదాకా ఆగితే మా దారి మునిగిపోతుంది.

ఎనిమిది. శిక్షణ హాల్లో కాదు, పాకలో పెట్టండి. పగలు కాదు, ఈత ఉన్న రాత్రి పెట్టండి. ఆడవాళ్ళను పిలవండి. టిఫిను మేం పెడతాం.

ఈ నెల 30 లోపు సమాధానం రాకపోతే మా చుట్టుపక్కల ఊళ్ళ పందుల పెంపకందార్లం అందరం కలిసి, కోసిన పైపులన్నీ ట్రాక్టరులో వేసుకుని నేను అర్జీలు పెట్టిన కార్యాలయం ముందుకు తెస్తాం. గొడవకు కాదు, అప్పగించడానికి. అప్పు కాగితంలో వాటి ఖరీదు రాసి ఉంది, తీసుకుని రసీదు ఇవ్వండి.

మా నల్లది మళ్ళీ చూడితో ఉంది. వచ్చే నెల రెండో వారంలో ఈనుతుంది. గడ్డి ఎండబెట్టి అటక మీద ఉంచాను. నమూనా గీసిన ఇంజనీరు గారు ఆ రాత్రి వస్తానంటే పడవ రేవుకు మా అబ్బాయిని పంపిస్తాను. చెప్పులు బయట వదిలి సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కుని రావాలి. మాట్లాడకుండా కూర్చోవాలి, దాని పిలుపు పిల్లలకు వినపడాలి కదా.

ఇట్లు,
వశిష్ఠ గట్టు పక్క లంక నుంచి
ఒక పందుల పెంపకందారు